ఆటగాడి జీతం ముందు: బ్రిటన్ క్రీడల మంత్రికి సాల్ఫర్డ్ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన బ్రిటన్ సంస్కృతి, మీడియా, క్రీడల శాఖ మంత్రి లీసా నాండీ గారికి,

నమస్కారం. నేను పదమూడేళ్లుగా సాల్ఫర్డ్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తాను. మా ఊరి రగ్బీ లీగ్ క్లబ్బులో ఆటగాళ్లకు జీతాలు అందని సంగతి మీద ఈ ఉత్తరం. ఇంగ్లిష్ ప్రతిని మీకు పోస్టులో పంపాను. తెలుగులో కూడా రాస్తున్నది మావాళ్ల కోసం. మాంచెస్టర్, లీడ్స్, విగన్ చుట్టుపక్కల మావాళ్లు చాలామందే ఉన్నారు. పిల్లలు ఇక్కడి బళ్లలో ఈ ఆట ఆడుతున్నారు, పెద్దవాళ్లకి మాత్రం అది ఇంకా "ఆ రగ్బీ ఏదో". వాళ్లు ఇది చదవాలి, చదివి మీకు ఉత్తరాలు రాయాలి.

ఇంతకుముందు నేను రాసినవి మూడు. ఎవరెవరికి రాశానో పేర్లు పెట్టను. రెండింటికి "మీ ఉత్తరం అందింది" అని కంప్యూటర్ పంపే జవాబు వచ్చింది. మూడోదానికి అదీ లేదు. మా వీధిలో సంతకాలు పెట్టించిన కాగితాలు కూడా పంపాం. ఆ కాగితాలు ఏ బల్ల మీద ఉన్నాయో తెలియదు.

రగ్బీ లీగ్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. 2010 నుంచి మీరు విగన్ ఎంపీ. 2024లో మీ ఊరి జట్టు నాలుగు ట్రోఫీలూ గెలిచింది. విగన్‌కు ఆడిన మీ పాతతరం ఆటగాడు బిల్లీ బోస్టన్ గారికి 2025లో సర్ బిరుదు వచ్చింది. ఈ ఆట నుంచి ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆయన. కార్డిఫ్ నుంచి వచ్చిన నల్లజాతి కుర్రాణ్ణి విగన్ గుండెలో పెట్టుకుంది. ఆ వార్త మా అబ్బాయికి రెండుసార్లు చదివి వినిపించాను. విగన్ నుంచి మా ఊరికి రైల్లో గంట కూడా పట్టదు. ఆ గంట దూరంలో 2025లో ఏం జరిగిందో మీకు తెలియకుండా ఉండదు. తెలిసి కూడా ఎవరూ అడ్డుపడలేదన్నదే నా బాధ.

2024 సీజన్‌లో మా ఊరి క్లబ్బు సాల్ఫర్డ్ రెడ్ డెవిల్స్ పై డివిజన్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2025 ఫిబ్రవరిలో కొత్త యజమానులు వచ్చారు. డబ్బు వస్తోంది అన్నారు. రాలేదు. ఏడాదికి ఆటగాళ్ల జీతాల మీద పెట్టగల ఖర్చు పరిమితి మిగతా క్లబ్బులకు 21 లక్షల పౌండ్లయితే, లీగ్ నడిపేవాళ్లు ఈ క్లబ్బుకు 12 లక్షలకు కోసి, యజమానుల డబ్బు చేరేదాకా అంతేనన్నారు. సీజన్ మొదటి మ్యాచ్‌కి, సెయింట్ హెలెన్స్ మీదికి, సీనియర్లను పక్కనపెట్టి కుర్రాళ్లను దించారు. 82-0తో ఓడిపోయాం. మా అబ్బాయి హాఫ్ టైమ్‌కే టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

అంకె పోతే పోయింది. ఆట అన్నాక ఓడతారు. జీతాల సంగతే నేను మరిచిపోలేకపోతున్నాను. ఒక నెల ఆలస్యం. వచ్చే వారం అన్నారు. మళ్లీ ఆలస్యం. బ్యాంకులో సమస్య అన్నారు, స్థలం అమ్మకం పూర్తవగానే అన్నారు, నిధులు దారిలో ఉన్నాయి అన్నారు. ఒక్కో మాటా పేపర్లో అచ్చయింది, ఒక్కో మాటా పోయింది. ఇంటి అద్దె, పిల్లల బడి, కారు వాయిదా ఉన్న మనుషులు వాళ్లు. ఒక్కొక్కరే వేరే క్లబ్బులకు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు గాయాలతో ఆడారు. ఆగస్టులో వేక్‌ఫీల్డ్‌తో మ్యాచ్ జరగనే లేదు. దించడానికి సరిపడా మనుషులు లేకపోతే ఎదుటి జట్టుకు 48-0 అని రాసుకున్నారు. అభిమానులు వీధిలోకి వచ్చి ఊరేగింపు తీశారు. అక్టోబరులో పై డివిజన్ నుంచి తీసేశారు. డిసెంబర్ 3న కోర్టు కంపెనీని మూసేసింది. 1873 నాటి క్లబ్బు అది. ఇప్పుడు కొత్త కంపెనీ పేరుతో కింది డివిజన్‌లో మళ్లీ మొదలుపెట్టుకున్నారు, పాత బాకీలున్న మనుషులు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

నాకెందుకు ఇంత పట్టింపు అంటే, మాది చీరాల. నాన్న మగ్గం నేసేవారు. మాస్టర్ వీవర్ దగ్గర నుంచి శనివారం మజూరీ రావాలి. రాని శనివారం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. అమ్మ కొట్టుకు నన్నే పంపేది, చిన్నపిల్లాణ్ణి చూసి కొట్టాయన అప్పు కాదనడని. నాన్న మాత్రం మగ్గం దిగేవారు కాదు, చీర సగంలో ఉంది కదా అని. గాయంతో మైదానంలోకి దిగిన ఆ కుర్రాళ్లను చూసినప్పుడు నాకు ఆ సగం చీరే గుర్తొచ్చింది. సాల్ఫర్డ్ కూడా నూలు మిల్లుల ఊరే. ఇక్కడి మిల్లు బట్ట మా మగ్గాలను ఏం చేసిందో వేరే కథ, అది ఇక్కడ ఎత్తను.

ఈ ఆట పుట్టిందే కూలి మీద. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు పాత రగ్బీ సంఘం నుంచి ఎందుకు విడిపోయాయి? గనికో మిల్లుకో పోకుండా ఆట ఆడినవాడికి పోయిన కూలి కట్టివ్వాలా వద్దా అన్న మాట మీద. రోజుకు ఆరు షిల్లింగులు. సంఘం పెద్దలు కుదరదన్నారు, అయితే మేం వేరే అని వీళ్లు లేచి వచ్చేశారు. అమ్మా, 130 ఏళ్ల తర్వాత అదే ఆటలో, అదీ పై డివిజన్‌లో, ఆటగాడు జీతం పడిందా లేదా అని ఫోన్లో బ్యాంకు ఖాతా చూసుకుంటూ కూర్చున్నాడు. ఇది మీకు చిన్న విషయంగా కనిపిస్తోందా?

డబ్బు ఎక్కడ తప్పిపోతోందో లెక్క చూస్తే మాలాంటివాళ్లకు కూడా తెలుస్తుంది. 1995లో టీవీ కంపెనీ అయిదేళ్లకు 8.7 కోట్ల పౌండ్లు ఇస్తానంటే, శీతకాలపు ఆటను వేసవికి మార్చుకున్నారు. అప్పటి నుంచి క్లబ్బులన్నీ ఆ ఒక్క కొళాయి కిందే బిందెలు పెట్టాయి. కొన్నేళ్ల కింద ఏడాదికి సుమారు 4 కోట్లు వచ్చేది, ఇప్పుడు 2.15 కోట్లకు పడిపోయింది. అందులోంచి క్లబ్బుకు వచ్చే వాటా జీతాల పరిమితికి సరిపోదు. మిగతాది యజమాని జేబులోంచి రావాలి. ఆయనకు మనసు మారినా, వ్యాపారం దెబ్బతిన్నా, అసలు ఆయన దగ్గర లేకపోయినా, మొదట ఆగేది ఆటగాడి జీతమే. 2026కి జట్లను 12 నుంచి 14 చేశారు. బ్రాడ్‌ఫోర్డ్, యార్క్, తూలూజ్ వచ్చాయి, సంతోషమే. టీవీ ఒప్పందం మాత్రం పాతదే. వండిన అన్నం అంతే, విస్తళ్లు పెరిగాయి.

ఆస్ట్రేలియాలో ఇలా లేదు. 2012లో అక్కడ స్వతంత్ర కమిషన్ పెట్టుకున్నారు. లీగ్ నుంచి క్లబ్బుకు వెళ్లే వాటా జీతాల పరిమితి కంటే ఎక్కువగానే ఉంటుంది. యజమాని ఎవరైనా జీతం ఆగదు. 2028లో పాపువా న్యూ గినీ జట్టు ఆ లీగ్‌లోకి రావడానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లకు 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పెడుతోంది. అంత డబ్బు ఇక్కడ లేదని నాకూ తెలుసు. నేను అంత అడగడం లేదు. జీతం ముందు, మిగతావి తర్వాత అన్న ఆ పద్ధతి అడుగుతున్నాను.

ఇక గ్రేడింగ్, అంటే ఏ క్లబ్బు పై డివిజన్‌లో ఆడాలో పాయింట్లు వేసి తేల్చే ఇక్కడి పద్ధతి. మొత్తం 20 పాయింట్లు, అందులో ఆర్థిక స్థితికి 4.5. జనాదరణకు 5. లండన్ జట్టు 2023లో మైదానంలో గెలిచి పైకి వచ్చింది, అదే నెల పాయింట్ల పట్టికలో 24వ స్థానం ఇచ్చారు. గెలిచి వచ్చినవాడికి గుమ్మంలోనే చెప్పు విప్పకు, ఎలాగూ వెళ్లిపోవాలి అన్నట్టు. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అని నేనిక్కడ వాదించను. నా ప్రశ్న ఒక్కటే. సాల్ఫర్డ్ 2024లో ఆ పరీక్ష పాసైంది. నాలుగు నెలలకు జీతాలకు డబ్బు లేదు. అంటే ఆ పరీక్ష పోయిన ఏడాది లెక్కలు చూసింది కానీ వచ్చే నెల జీతం ఎక్కడుందో అడగలేదు. మా చీరాలలో అప్పిచ్చేవాడు కూడా ముందు ఆ మాటే అడుగుతాడు.

మీరు 2025లో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం తెచ్చారు. క్లబ్బు కొనేవాడి డబ్బు ఎక్కడిదో చూడడానికి స్వతంత్ర నియంత్రణ సంస్థ పెట్టారు. మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆ చట్టం మా దగ్గరిదాకా ఎందుకు రాలేదు? బరీ ఫుట్‌బాల్ క్లబ్బు మునిగిన బాధ లోంచి ఆ చట్టం వచ్చిందని విన్నాను. బరీ మాకు పొరుగూరే. బరీ బాధ పార్లమెంటు దాకా వెళ్లినప్పుడు సాల్ఫర్డ్ బాధ వెళ్లకూడదా? 2020 మేలో కోవిడ్ వచ్చినప్పుడు ఈ ఆటకు ప్రభుత్వం 1.6 కోట్ల పౌండ్ల అప్పిచ్చింది. ఆ మేలు మరవం. అప్పిచ్చినవారికి అడిగే హక్కు ఉంటుంది కదా, ఆ హక్కు వాడండి.

వాడి ఏం చేయాలంటే, సీజన్ మొదలయ్యే ముందే ప్రతి క్లబ్బూ ఏడాది జీతాలను యజమాని చెయ్యి తగలని వేరే ఖాతాలో వేయాలి. ఏడాది కష్టమైతే ఆరు నెలలు. అదీ కష్టమైతే మూడు నెలలైనా. వేయలేని క్లబ్బు కింది డివిజన్‌లోనే ఆడాలి. అందులో సిగ్గేమీ లేదు, ఉన్నంతలో ఆడుకుంటుంది. టీవీ డబ్బు వాటా నేరుగా ఆ ఖాతాకే వెళ్లాలి. కొనడానికి వచ్చినవాడి డబ్బు ఖాతాలో పడ్డాకే తాళాలు ఇవ్వాలి, మాట మీద కాదు. ఆ పరిశీలన మిగతా క్లబ్బుల యజమానులు చేయకూడదు, బయటివాళ్లు చేయాలి. తోటి యజమాని మునిగితే తన వాటా పెరిగే మనిషి చేతికి ఆ పని అప్పగించకండి.

నేను చెడుగుడు ఆడి పెరిగినవాణ్ణి. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం అయ్యాక, మనుషుల్ని పట్టుకునే ఆట ఏదో ఉందట అని ఒక నర్సు చెబితే వెళ్లాను. ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేని రోజులవి. స్టాండులో పక్కన కూర్చున్న ముసలాయన ఒక జట్టు ఆరుసార్లు పట్టుబడేదాకా బంతి ఉంచుకోవచ్చన్న లెక్క వేళ్ల మీద చూపించి నేర్పాడు. 2016లో ఆఖరి కిక్‌తో డివిజన్ నిలబెట్టుకున్న రోజు నన్ను వాటేసుకుని ఏడ్చాడు. 2020లో లండన్ వెంబ్లీలో కప్పు ఫైనల్ ఖాళీ స్టేడియంలో జరిగింది, 17-16తో ఓడిపోయాం. నైట్ డ్యూటీకి బయల్దేరే ముందు ఆయన ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఉండిపోయాడు. నాకు ఈ దేశంలో దొరికిన మొదటి స్నేహితుడు ఆయన. ఇప్పుడు 79 ఏళ్లు. డిసెంబర్ 3 తర్వాత క్లబ్బు కండువా తీసి బీరువాలో పెట్టేశాడు.

దయచేసి ఈ సీజన్‌లో ఒకసారి సాల్ఫర్డ్‌కు రండి. మంత్రిగా రాకపోయినా విగన్ మనిషిగా రండి. ఆయన పక్కన సీటు నేను ఉంచుతాను. జీతాల ఖాతా సంగతి అవునో కాదో ఆయన ముందే చెప్పండి. ఇంగ్లిష్ ప్రతిలో నా చిరునామా, ఫోన్ నంబరు రాశాను. శనివారాలు నాకు డ్యూటీ ఉండదు.

ఇట్లు,
సాల్ఫర్డ్‌లో ఉంటున్న చీరాల మగ్గం ఇంటి కొడుకు