రిపోర్టులు నార్మల్ వస్తే పిల్లకి ఏమీ లేనట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పరీక్షల టైంలో పిల్లల టెన్షన్ మీద పేపర్లలో చాలానే వస్తుంటాయి, కానీ ప్యానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం మళ్ళీ మళ్ళీ ముంచుకొచ్చే జబ్బు గురించి రాసేవాళ్ళు తక్కువ, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. టెన్షన్ వేరు, ఇది వేరు. మా అమ్మాయికి మొదటిసారి వచ్చినప్పుడు పరీక్ష లేదు పాడూ లేదు, క్లాసులో కూర్చుని మామూలుగా నోట్సు రాసుకుంటోంది అంతే. ఉన్నట్టుండి గుండె దడదడ, ఊపిరి అందట్లేదు, వేళ్ళు తిమ్మిరెక్కి పెన్ను జారిపోయింది, బెంచీ గట్టిగా పట్టుకుని చచ్చిపోతున్నానేమో అని ఏడ్చేసిందట. టీచరేమో డ్రామా అన్నారు. డాక్టర్ గారు ఈసీజీ, బ్లడ్ టెస్టులు చేయించి అన్నీ నార్మల్, ఏమీ లేదు, తీసుకెళ్ళండి అన్నారు.

టెస్టులు చేయించడం తప్పని నేను అనట్లేదు. థైరాయిడ్, ఆస్తమా, గుండె లయలో తేడా ఇవన్నీ కూడా ఇలాగే కనిపించొచ్చు కాబట్టి ముందు అవి చూడాల్సిందే. నా బాధల్లా ఆ "ఏమీ లేదు" అన్న మాటతోనే. నిజంగా అంత నరకం చూసిన పిల్లకి ఆ మాట ఎలా వినిపిస్తుందంటే, నువ్వు అబద్ధం చెప్తున్నావు అన్నట్టు వినిపిస్తుంది. గుండె బాగానే ఉంది, ఇది ప్యానిక్ ఎటాక్ కావచ్చు, దీనికి ట్రీట్‌మెంట్ ఉంది, ఫలానా చోటికి వెళ్ళండి అని ఇంకో రెండు ముక్కలు చెప్తే ఎన్ని నెలలు కలిసొస్తాయో.

అసలు జరిగేదేంటంటే, ప్రమాదం ఏమీ లేకపోయినా ఒంట్లో అలారం మోగేస్తుంది. భయంతో గబగబా ఊపిరి తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, అవి చూసి ఇంకా భయం, ఆ భయంతో ఇంకా దడ. కొన్ని నిమిషాల్లో పీక్‌కి వెళ్ళి తర్వాత దానంతటదే తగ్గుతుంది. ఒక్కసారి వచ్చినంత మాత్రాన డిజార్డర్ అనరు. కారణం లేకుండా మళ్ళీ మళ్ళీ వస్తూ, ఇంకోటి ఎప్పుడొస్తుందో అన్న భయం నెలో అంతకంటే ఎక్కువో పట్టుకుని, బస్సెక్కను, ప్రేయర్‌కి నిలబడను అని ఒక్కొక్కటీ మానేస్తుంటే అప్పుడు ప్యానిక్ డిజార్డర్ అంటారు. మరీ చిన్నపిల్లల్లో ఇది అరుదు, టీనేజీలో పెరుగుతుంది, అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ.

ట్రీట్‌మెంట్‌లో ముఖ్యమైనది సీబీటీ అనే థెరపీ, అంటే భయం పుట్టించే ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా మార్చే పద్ధతి. ఇందులో సైకాలజిస్ట్ కావాలనే పిల్లని కుర్చీలో గిరగిరా తిప్పుతారు, ఉన్నచోటే పరిగెత్తిస్తారు, సన్నటి స్ట్రా లోంచి ఊపిరి తీయమంటారు. చూసే తల్లికి ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే, కానీ దడ వచ్చినా తల తిరిగినా ఏమీ కాదని మనం వందసార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ పిల్ల ఒంటికే తెలుస్తుంది. అవసరమైతే సైకియాట్రిస్ట్ ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు (డిప్రెషన్‌కీ, ఇలాంటి భయాలకీ వాడేవి) తక్కువ డోసుతో మొదలుపెడతారు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పిల్లల్లో ఈ మందులతో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో గట్టి హెచ్చరిక పెట్టింది కాబట్టి మొదటి వారాల్లో పిల్లని దగ్గరుండి గమనించాలి, ఏ తేడా కనిపించినా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, మనంతట మనం మాత్రం సడన్‌గా ఆపెయ్యకూడదు.

ఇక స్కూళ్ళకి నా విన్నపం. ఎటాక్ వచ్చిన ప్రతిసారీ ఇంటికి ఫోన్ చేసి పంపించెయ్యకండి. జాలితోనే చేస్తారు, కాదనను, కానీ అలా పంపేకొద్దీ క్లాసంటేనే ప్రమాదం అని పిల్ల మనసులో పడిపోతుంది, చివరికి స్కూలే మానేస్తుంది. తిట్టొద్దు, చుట్టూ గుంపు కట్టొద్దు, పక్కన ఒక్కరు కూర్చుని ఇది ప్యానిక్, కాసేపట్లో తగ్గిపోతుంది నేనిక్కడే ఉన్నా అని చెప్పి, తగ్గాక మళ్ళీ క్లాసులో కూర్చోబెట్టండి చాలు. ఏ టీచరైనా చేయగలిగిన పనే ఇది, కాకపోతే ముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి, అందుకే ప్రతి స్కూల్లో ఏడాదికి ఒక్కసారైనా టీచర్లకి దీనిమీద ట్రైనింగ్ పెట్టాలని విద్యాశాఖ వాళ్ళని అడుగుతున్నాను. మీరు కూడా హెల్త్ పేజీలో పిల్లల సైకియాట్రిస్ట్‌తో దీని గురించి వివరంగా రాయించండి సార్.

ఇట్లు,
ఒక తల్లి