‘అ’, ‘ఠ’ అక్షరాలను మింగేస్తున్న మీ చెస్ సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

హైదరాబాద్

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం.

విషయం: మీ చెస్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో సేవ్ చేసిన ఫైళ్లు పాడవడం, ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం) విశ్లేషణ తప్పుగా రావడం గురించి. సరిచేయాలని, కుదరకపోతే సొమ్ము వాపసు ఇవ్వాలని కోరుతూ.

ఆర్యా,

దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి ప్రాంతాల్లో చెస్ నేర్పే కోచ్‌లం, ఆ పాఠాల ఫైళ్లకు స్క్రిప్టులు రాసిపెట్టే ప్రోగ్రామర్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. మీ వార్షిక లైసెన్సులు ఆరు, ఎవరి పేరు మీద వాళ్లం కొన్నాం. ఇంతకుముందు మూడు టికెట్లు పెడితే మూడు జవాబులు వచ్చాయి: ఫాంట్ మార్చండి, క్యాష్ తుడవండి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఇందులో ఏదీ కారణం కాదు. డేటాబేస్ అన్నాక మనం దాంట్లో పెట్టింది పెట్టినట్టు తిరిగి రావాలి. మీ దాంట్లో రావడం లేదు. ఎక్కడ పోతోందో, ఎందుకు పోతోందో మీ డెవలపర్లు పది నిమిషాల్లో చూసుకునేలా కింద రాస్తున్నాం.

ముందు తెలుగు సంగతి. కొత్త గేమ్ తెరిచి, ఏదో ఒక ఎత్తు కింద కామెంట్‌లో ‘పాఠం 7: అడ్డొచ్చే బంటును ముందు కట్టెయ్’ అని రాయండి. పీజీఎన్‌గా, అంటే గేము ఎత్తులు, కామెంట్లు దాచే టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసి, సాఫ్ట్‌వేర్ మూసి, అదే ఫైలు మళ్లీ తెరవండి. ‘పాఠం’లో ఠ ఉండదు, ‘అడ్డొచ్చే’లో అ ఉండదు. వాటి చోట నల్ల వజ్రంలో ప్రశ్న గుర్తు, పక్కనే ఓ ఖాళీ. మిగతా వాక్యం చెక్కుచెదరదు. ఫాంట్ లేకపోతే తెలుగంతా డబ్బాలుగా కనబడాలి గానీ, సరిగ్గా రెండు అక్షరాలే ఎందుకు పోతాయి?

ఫైలులోని బైట్లను ఉన్నవున్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో సేవ్‌కు ముందు ఫైలునూ తర్వాతి ఫైలునూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తైనా, పొల్లైనా మూడేసి బైట్లు. అ అంటే ఈ0, బీ0, 85. ఠ అంటే ఈ0, బీ0, ఏ0. ఆ చివరి బైట్లు చూడండి. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన, అక్షరానికి ఒకే బైటు ఇచ్చే లాటిన్-1 లెక్కలో 85 అంటే లైను మార్చే కంట్రోల్ గుర్తు, ఏ0 అంటే విరగని ఖాళీ. మీ పార్సర్ (ఫైలును విడదీసి చదివే భాగం) ఫైలును లాటిన్-1గా చదువుతోంది. ఖాళీగా తోచిన ప్రతిచోటా ముక్కలు చేసి, 80 అక్షరాల లైన్లుగా మళ్లీ అతికిస్తోంది. అతికేటప్పుడు ఆ 85, ఆ ఏ0 రెండూ మామూలు స్పేస్ అయిపోతున్నాయి, అంటే 20. ఈ0, బీ0, 20 అనే బైట్ల వరసకు యూటీఎఫ్-8లో అర్థమే లేదు. మీ సోర్సు మేం చూడలేదు, కానీ బైట్లు ఈ మాటే చెబుతున్నాయి. ఇదే లెక్కన ౠ కూడా పోతుంది. దాన్ని వాడేవాళ్లు లేరు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

1994 నాటి పీజీఎన్ ప్రమాణం లాటిన్-1నే చెప్పిందని మీరు అనొచ్చు. నిజమే. కానీ మీ అమ్మకాల పేజీలో ‘భారతీయ భాషల్లో కామెంట్లు’ అని మీరే రాసుకున్నారు. చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఫైలును ముందు యూటీఎఫ్-8గా చదవాలి, బైట్ల వరస చెల్లకపోతేనే లాటిన్-1కు దిగాలి. పదాలు విడగొట్టేటప్పుడు స్పేస్, ట్యాబ్, లైను ముగింపు గుర్తులనే ఖాళీలుగా లెక్కపెట్టాలి. ఈ రెండు మార్పులతో సరిపోతుంది.

దీన్ని అన్నిటికన్నా ముందు పెట్టడానికి కారణం ఉంది. పాడైన ఫైలును బాగుచేసే దారి లేదు. అ, ఠ రెండూ ఒకే శిథిలంగా మారుతున్నాయి కాబట్టి ఏది ఏదో స్క్రిప్టు కచ్చితంగా తేల్చలేదు. పదం మొదట్లో ఉంటే అ, మధ్యలో ఉంటే ఠ అని ఊహించొచ్చు, అంతే. ఆ తర్వాత ఎవరో ఒకరు కూర్చుని చదివి దిద్దాల్సిందే. పైగా మీ సాఫ్ట్‌వేర్ పాత ఫైలు మీదే రాసేస్తుంది, బ్యాకప్ ఉంచదు. కనీసం సరిచేసే వరకైనా సేవ్ చేసే ముందు పాత ఫైలుకు ఒక నకలు తీసి పెట్టండి.

ఇక పేర్లు. మనవాళ్లకు ఇంటిపేరు ముందొస్తుంది: కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ. పీజీఎన్‌లో ఇంటిపేరు, కామా, అసలు పేరు అన్నది వాడుక. కామా లేని పేరు కనబడితే మీ ఇంపోర్ట్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుని తిప్పేస్తోంది. దాంతో ‘కోనేరు, హంపి’ ఒకరు, ‘హంపి, కోనేరు’ ఇంకొకరు అయిపోయారు. ఒక క్రీడాకారిణి గేములు రెండు చోట్ల సగం సగం ఉంటే ఓపెనింగుల గణాంకాలు ఎందుకు పనికొస్తాయి? మా బ్యాచుల్లో పిల్లల పేర్లకూ ఇదే గతి. తండ్రి పేరు, ఇంటిపేరు, పొడి అక్షరాలు ఒక్కో టోర్నమెంటులో ఒక్కో వరసలో రాస్తారు. పేరును తిప్పే పని అసలు పెట్టుకోకండి. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) ఐడీ ట్యాగ్ ఉంటే దాన్నిబట్టి కలపండి. లేకపోతే పేరు ఎలా వచ్చిందో అలాగే ఉంచి, కలపాలో వద్దో మమ్మల్ని అడగండి.

ఇంజిన్ విషయం ఇంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఇక్కడ తప్పు తప్పులా కనబడదు. గేమ్ తెరిచి, ఇంజిన్ నడుస్తుండగా కుడి బాణం కీని గబగబా నొక్కుకుంటూ పోండి. అప్పుడప్పుడు ఇంజిన్ సూచించే ఎత్తును చూపే బాణం గుర్తు బోర్డు మీద ఖాళీ గడి నుంచి లేస్తుంది. మీ లాగ్ ఫైలులో ఆ క్షణం ఇలా ఉంది (చివరి లైను ఇంజిన్ జవాబు, మిగతావి మీ సాఫ్ట్‌వేర్ పంపిన ఆదేశాలు):

పొజిషన్ స్టార్ట్‌పోస్ మూవ్స్ ఈ2ఈ4
గో డెప్త్ 22
స్టాప్
పొజిషన్ స్టార్ట్‌పోస్ మూవ్స్ ఈ2ఈ4 ఈ7ఈ5
గో డెప్త్ 22
బెస్ట్‌మూవ్ ఈ7ఈ5

చివరి లైను రెండో పొజిషన్‌కు జవాబు కాదు, మొదటిదానికి. అప్పటికి నల్ల బంటు ఈ5కు వచ్చేసింది, ఈ7 ఖాళీ. సాఫ్ట్‌వేర్, ఇంజిన్ మాట్లాడుకునే యూసీఐ ప్రోటోకాల్‌లో స్టాప్ అన్న తర్వాత ఇంజిన్ తప్పకుండా ఒక బెస్ట్‌మూవ్ పంపుతుంది. అది చేతికి అందే వరకు ఆగి, ఆ తర్వాతే కొత్త పొజిషన్ పంపాలి. మీరు ఆగడం లేదు. వచ్చిన పాత జవాబును కొత్త ఎత్తుకు అంటగడుతున్నారు.

బాణం తప్పొస్తే చూసి నవ్వుకోవచ్చు. స్కోరు తప్పొస్తే పిల్లవాడు తప్పు నేర్చుకుంటాడు. యూసీఐలో స్కోరు ఎత్తు వేయాల్సిన వాళ్ల వైపు నుంచి వస్తుంది. తెర మీద స్కోరు తెల్లవాళ్ల వైపు నుంచి కాబట్టి నల్లవాళ్ల వంతు అయితే గుర్తు తిప్పి చూపించాలి, మీరు తిప్పుతున్నారు కూడా. కానీ పాత జవాబు వచ్చేసరికి వంతు మారిపోయి ఉంటుంది. నల్లవాళ్లు రెండు బంట్ల ఆధిక్యంలో ఉన్న చోట రావాల్సింది మైనస్ 2.00, తెర మీద కనబడేది ప్లస్ 2.00. అంటే నాలుగు బంట్ల తేడా. ‘గేమ్ మొత్తం విశ్లేషించు’ నొక్కినప్పుడు ఇది జరిగితే పక్కనున్న మంచి ఎత్తుకు రెండు ప్రశ్నార్థకాలు (ఘోరమైన తప్పు అన్న గుర్తు) పడతాయి. ఎత్తుకు 3 సెకన్లు పెట్టి ఒకే గేమును రెండుసార్లు విశ్లేషించి, రెండు ఫైళ్లు పోల్చండి. ఇంజిన్‌ను ఒక్క థ్రెడ్ మీద నడిపినా ఈ గుర్తుల జాగాలు మారుతున్నాయి.

‘సిద్ధమేనా’ అని అడిగే ఈజ్‌రెడీ ఆదేశం పంపి చూడమని మీరు అనొచ్చు. దాంతో పని జరగదు. ఇంజిన్ వెతుకుతున్న సమయంలో కూడా ఈజ్‌రెడీకి వెంటనే రెడీఓకే చెప్పాలన్నది ప్రోటోకాల్ నియమం, కాబట్టి అది వెతుకులాట ఆగిందనడానికి గుర్తు కాదు. సరైన మందు రెండు రకాలు. బాణం కీల దగ్గర బెస్ట్‌మూవ్ కోసం ఆగడం, మధ్యలో వినియోగదారు దాటిపోయిన పొజిషన్లను వదిలేసి చివరిదాన్నే పంపడం. మొత్తం గేమ్ విశ్లేషణలో అసలు స్టాప్ జోలికే పోకుండా, గో మూవ్‌టైమ్ 3000 అని పంపితే సమయం కాగానే ఇంజిన్ తానే జవాబు ఇస్తుంది.

ఒకే పొజిషన్ వచ్చిన గేములను వెతికే పొజిషన్ సెర్చ్‌లో ఇంకో లోపం. రెండు గేములు పెట్టి చూడండి. మొదటిది: డీ4, గుర్రం ఎఫ్6, సీ4, ఈ6, గుర్రం సీ3. రెండోది: సీ4, ఈ6, గుర్రం సీ3, గుర్రం ఎఫ్6, డీ4. బోర్డు ఒక్కటే, వంతు నల్లవాళ్లదే, క్యాస్లింగ్ హక్కులూ ఒకటే. మీ సెర్చ్ మాత్రం ఒక గేమే చూపిస్తుంది. రెండో దాంట్లో చివరగా బంటు రెండు గళ్లు కదిలింది కాబట్టి ఫెన్‌లో (పొజిషన్‌ను ఒక్క లైనులో రాసే పద్ధతి) ఆంపాసాంట్ గడిగా (రెండు గళ్లు దూకిన బంటును ఎదుటి బంటు కొట్టి చేరే గడి) డీ3 రాస్తున్నారు, మొదటి దాంట్లో అక్కడ గీత ఉంది. హాఫ్‌మూవ్ లెక్క (చివరి కొట్టుడు లేదా బంటు కదలిక తర్వాత గడిచిన ఎత్తులు) కూడా ఒకదాంట్లో 1, ఇంకోదాంట్లో 0. మొత్తం ఫెన్‌ను అక్షరం అక్షరం పోలిస్తే ఇవి కలవవు. ఆరు భాగాల్లో మొదటి నాలుగే పోల్చండి. ఆంపాసాంట్ గడిని, దాన్ని కొట్టగలిగే ఎదుటి బంటు నిజంగా ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. క్వీన్స్ గ్యాంబిట్, ఇంగ్లిష్ ఓపెనింగుల్లో ఎత్తుల వరస మార్చి ఆడటం రోజూ ఉండేదే, అందుకే దెబ్బ అక్కడ ఎక్కువ.

ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్, అంటే కొన్ని పావులే మిగిలిన పొజిషన్లకు ముందే లెక్కగట్టిన ఫలితాల గురించి క్లుప్తంగా. ఐదు పావుల వరకు సిజిజీ టేబుల్‌బేస్ పూర్తిగా ఇస్తున్నామని రాశారు. పూర్తి సెట్ అంటే 290 ఫైళ్లు, దాదాపు 1 జీబీ: గెలుపు, డ్రా, ఓటమి చెప్పేవి 145, తర్వాతి కొట్టుడుకో బంటు కదలికకో ఎంత దూరమో చెప్పేవి 145. మీ ఇన్‌స్టాలర్ దించేది మొదటి 145 మాత్రమే. ఇంకా, రెండు ఫోల్డర్ల దారి ఇస్తే మధ్యలో ఎప్పుడూ సెమీకోలన్ పెడుతున్నారు. అది విండోస్‌కు సరే, లినక్స్‌లో కోలన్ ఉండాలి. లేకపోతే ఇంజిన్ ఒక్క ఫైలూ కనిపెట్టదు, మీ తెర మీద మాత్రం ‘టేబుల్‌బేస్ సిద్ధం’ అన్న పచ్చ గుర్తు వెలుగుతూనే ఉంటుంది.

ఒక మాట లైసెన్సు గురించి కూడా. ఇంజిన్ ‘మా సొంత తయారీ’ అని రాశారు. యూసీఐ అని పంపితే ఐడీ నేమ్ లైనులో అది స్టాక్‌ఫిష్ (అందరికీ ఉచితంగా దొరికే ఇంజిన్) అని తన పేరు తానే చెబుతోంది. స్టాక్‌ఫిష్ వాడటం తప్పు కాదు, దాని ఓపెన్ సోర్స్ లైసెన్సు అయిన జీపీఎల్ మూడో వెర్షన్ ప్రకారం అమ్ముకోవచ్చు కూడా. కానీ బైనరీతో పాటు లైసెన్సు ప్రతి ఇవ్వాలి, దానికి సరిపడే సోర్సు అందుబాటులో ఉంచాలి. ఈ లైసెన్సు విషయంలోనే స్టాక్‌ఫిష్ బృందం 2021లో ఒక పేరున్న చెస్ సాఫ్ట్‌వేర్ సంస్థ మీద కోర్టుకు వెళ్లింది, 2022 నవంబరులో రాజీ కుదిరింది. ఆ సోర్సు లింకు మాకు పంపండి.

మేం అడుగుతున్నది ఇది. తెలుగు అక్షరాలు పోవడం, ఇంజిన్ జవాబులు తారుమారవడం, ఈ రెంటికీ నెల లోపు ప్యాచ్ రావాలి. పేర్లు, సెర్చ్, టేబుల్‌బేస్ లోపాలు ఏ వెర్షన్‌లో, ఏ తేదీకి సరిచేస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. అవి ఆలస్యమైనా ఓర్చుకోగలం. మొదటి రెండూ నెలలో కుదరవంటే ఆరు లైసెన్సుల్లో మిగిలిన కాలానికి సొమ్ము వాపసు ఇవ్వాలి. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద హైదరాబాద్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, ఫిర్యాదుదారు ఉండే చోట వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది.

సేవ్‌కు ముందూ తర్వాతా పీజీఎన్ ఫైళ్లు, వాటి హెక్స్ ప్రతులు, పై లాగ్ పూర్తి పాఠం, రెండు గేముల సెర్చ్ నమూనా జతచేస్తున్నాం. నమూనా ఫైలును మీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సేవ్ చేయకండి. నకలు తీసుకుని దాని మీద ప్రయోగం చేయండి, లేకపోతే అందులోని అ, ఠ కూడా పోతాయి.

ఇట్లు,
లైసెన్సుదారులైన చెస్ కోచ్‌లు, ప్రోగ్రామర్లు,
హైదరాబాద్