లైసెన్సు మనిషికి, పర్మిట్ పనికి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏసీ పనికీ హీటర్ పనికీ లైసెన్సులు ఎందుకండీ, ఇంకో కాగితం ఇంకో ఫీజు తప్ప అని మీ పేపర్లో ఒకాయన రాసిన ఉత్తరం చదివాను. ఇరవై రెండేళ్ల నుంచి ఇదే పనిలో ఉన్నా, మొదట్లో నాకూ అదే మంట, స్పానర్ పట్టుకోవడం రానోళ్లు ఆఫీసులో కూర్చుని నాకు పరీక్ష పెట్టేదేంటని. ఇప్పుడైతే అలా అనను.

నేను పనికెళ్లిన ఒకాయన ఇంట్లో మూడేళ్లుగా ఎండాకాలం వస్తే చాలు గ్యాస్ ఫిల్లింగ్ చేయించుకుంటున్నాడు. ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు సార్, తగ్గిందంటే ఎక్కడో పోతున్నట్టే అన్నా, ఆయనకి నమ్మకం కుదర్లేదు. ఔట్‌డోర్ యూనిట్ పక్కన కూర్చుని పైపులు కలిపే ఫ్లేర్ నట్టు కింద వేలు పెట్టి చూస్తే జిడ్డు, నూనెతో కలిసిన దుమ్ము నల్లగా అంటుకుంది, గ్యాస్‌తో పాటు లోపలి నూనె కూడా బయటికొస్తుంది కాబట్టి లీక్ అక్కడే. నట్టు ఊడదీస్తే పైపు అంచు సన్నగా చీలి ఉంది. అంతకుముందు వచ్చిన ముగ్గురు మెకానిక్‌లలో ఒక్కడు కూడా ఆ నట్టు ముట్టుకోలేదు, గేజ్ పెట్టి గ్యాస్ ఎక్కించి డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. అలా గాల్లోకి పోయిన ఆర్-410ఏ అనే ఏసీ గ్యాస్ ఒక కిలో, దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఎంత వేడెక్కిస్తుందో భూమిని అంత వేడెక్కిస్తుంది, ఇది వాళ్లకి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా ఎవరికీ లేదు, అదే అసలు గొడవ.

పైగా గ్యాసులు మారిపోయాయి. పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాస్ మీద చెయ్యి తిరిగినోడు అదే అలవాటుతో ఆర్-410ఏ మీదకి పోతే ప్రెషర్ ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది, ఆర్-32 అంటుకునే గుణం ఉన్నది, ఆర్-290 అయితే అచ్చంగా ప్రొపేనే. పైపులో ఆ గ్యాస్ ఉండగానే పైపులు అతికించే మంట టార్చ్ వెలిగించేవాళ్లు ఉన్నారు. లీక్ ఉందో లేదో చూసే ప్రెషర్ టెస్టుకి నైట్రోజన్ అందుబాటులో లేదని ఆక్సిజన్ సిలిండర్ తగిలించేవాళ్లూ ఉన్నారు, కంప్రెసర్ ఆయిల్‌కి ప్రెషర్ మీద ఆక్సిజన్ తగిలితే పేలుతుంది, చేసే వాడు ఎదురుగానే ఉంటాడు మరి. గ్యాస్ హీటర్ల వైపు ఇంకో రకం, పొగ గొట్టం మూసుకుపోయినా హీటర్ లోపల మంటనీ గది గాలినీ వేరు చేసే రేకు చీలినా కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది, దానికి వాసన లేదు రంగు లేదు, నిద్రలో ఉన్నోళ్లు నిద్రలోనే పోతారు.

అమెరికాలో ఆర్-22 లాంటి గ్యాసులతో పని చేయాలంటే 1994 నుంచి అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ సర్టిఫికెట్ ఉండాల్సిందే. కానీ అది గ్యాస్ వరకే, కాంట్రాక్టర్ లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి వేరే, కొన్ని చోట్ల రాష్ట్రం పట్టించుకోకుండా ఊళ్లకి వదిలేసింది. బ్రిటన్‌లో గ్యాస్ బాయిలర్ ముట్టుకోవాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండాలి, 2009లో అది వచ్చింది. వాళ్ల కార్డు వెనక్కి తిప్పితే ఆ మనిషి ఏయే పనులు చేయొచ్చో రాసి ఉంటుంది, ఇది నాకు భలే నచ్చింది.

ఇక పర్మిట్ వేరు, అది ఒక్కో పనికి తీసుకునే అనుమతి. లైసెన్సు మనిషికి, పర్మిట్ పనికి. నేను ఎంత బాగా చేశాననుకున్నా ఇన్‌స్పెక్టర్ అని ఇంకొకడు వచ్చి వైరు సైజు, డ్రెయిన్ వాలు, పొగ గొట్టం చూసి వెళ్తాడు. నాకు ఒకసారి ఇన్‌స్పెక్టర్ బ్రేకర్ సైజు తప్పు పట్టాడు, ఆ రోజు తిట్టుకున్నా కానీ తప్పు నాదే. పర్మిట్ మీ పేరు మీద తీయండి సార్ తక్కువలో చేసేస్తా అని ఎవరైనా అంటే మాత్రం ఆలోచించండి, ఎక్కువసార్లు వాడికి లైసెన్సు లేదనే అర్థం, రేపు ఏదన్నా అయితే కాగితం మీద ఉండేది మీ పేరే.

అలాగని ఇప్పుడున్న పద్ధతి అంతా బాగుందని కాదు. పరీక్షలు చాలా వరకు టిక్కులు పెట్టేవే, ఒక పైపు జాయింట్ మంటతో అతికించి (బ్రేజింగ్) చూపించమని అడిగేవాళ్లు తక్కువ. నాకు పని నేర్పిన పెద్దాయన చదువుకోలేదు, ఆయన జాయింట్ ఇరవై ఏళ్లైనా కారదు, ఆ పరీక్షలో కూర్చోబెడితే ఫెయిలవుతాడు, అదే పుస్తకం బట్టీ పట్టిన కుర్రాడు పాసై వస్తాడు. చేతి పని చూసి మార్కులు వేయండి, ప్రశ్నలు వాళ్ల భాషలో అడగండి. పర్మిట్ కోసం ఎండల్లో పసిపిల్లలున్న ఇంట్లో రోజుల తరబడి ఆపడం కూడా అన్యాయం. అత్యవసరమైతే ముందు పని చేసి మర్నాడు దరఖాస్తు పెట్టుకునే వీలు చాలా చోట్ల కట్టడాల నియమాల్లో (కోడ్లలో) ఉంది, ఆ సంగతి కౌంటర్లో చెప్పరు, మనమే అడగాలి.

ఉత్తరం పెద్దదైంది, చోటు లేకపోతే నా గోల ఎంతైనా కత్తిరించండి, నట్టు కింద జిడ్డు ముక్క మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక ఏసీ మెకానిక్