ఇంట్లో చుట్టే బీడీకి ఆరోగ్య తనిఖీ ఏదీ?

సంపాదకుడు గారికి,

ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూడటానికి కాలుష్య నియంత్రణ మండలి ఉంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీ పరిశ్రమ నడిచేది మాత్రం ఆడవాళ్ల ఇళ్లలో. ఆ గదుల్లో గాలి ఎలా ఉందో అడిగేవారు లేరు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం శుభ్రతకూ గాలికీ నియమాలు పెట్టింది కానీ, అవి వర్తించిన 'పారిశ్రామిక ఆవరణ' నిర్వచనం నుంచి నివాస గృహాన్ని మినహాయించింది.

సంచి అడుగున మిగిలే సన్నటి తంబాకు పొడి అసలు ప్రమాదం. చాటలో పోసేటప్పుడు లేస్తుంది, పని ముగిశాక చీపురు పట్టగానే మళ్లీ లేస్తుంది. పనీ, వంటా, పడకా ఒకే గదిలో అయితే పిల్లలూ అదే పీలుస్తారు. నానబెట్టిన తునికాకుతో వేళ్లు తడిగా ఉంటాయి కాబట్టి నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. కళ్లు తిరిగి వాంతులైతే నీరసమని సరిపెట్టుకుంటారు.

దీనికి కొత్త చట్టం దాకా ఆగనక్కర్లేదు. ముప్పై దాటినవారికి ఆశా కార్యకర్తలు నింపే, జబ్బుల ముప్పును అంచనా వేసే సీబ్యాక్ ఫారంలో ఊపిరితిత్తుల జబ్బుకు దారితీసే పనుల గడి ఉంది. అందులో ఉదాహరణలు ఇటుక బట్టీలు, గాజు ఫ్యాక్టరీలు. దుమ్ములేచే పరిశ్రమలో పనిచేస్తున్నారా అంటే, ఇంట్లో బీడీలు చుట్టే మనిషి లేదనే చెబుతుంది. ఇంటి బీడీ పనిని కూడా ఆ గడిలో రాయాలని జిల్లా వైద్యాధికారి ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. పీఎఫ్ నంబర్లున్న కార్మికుల జాబితాలు కంపెనీల దగ్గరే ఉన్నాయి.

తర్వాత ఉపకేంద్రంలో ఏఎన్ఎం పీక్ ఫ్లో మీటర్‌తో (ఊదే గాలి వేగాన్ని కొలిచే చిన్న పరికరం) మూడుసార్లు ఊదించి, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. వయసుకూ ఎత్తుకూ ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువైతే ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్షకు పంపాలి. దగ్గుతో వచ్చినవారికి కఫం పరీక్షలో క్షయ లేదని తేలినంత మాత్రాన వదిలేయకూడదు.

ఇంటికి వెళ్లినప్పుడు చూడాల్సినవీ కొన్ని ఉన్నాయి. తంబాకు మూత డబ్బాలో, పడకగది బయట ఉందా? చుట్టేది వసారాలోనా? నేలను ఊడుస్తున్నారా, తడిగుడ్డతో తుడుస్తున్నారా? బిడ్డకు పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుగుతున్నారా? ముఖానికి చుట్టిన చెంగు సన్నటి పొడిని ఆపదని కూడా చెప్పాలి.

కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. తుడిచే సమయానికి పైసా రాదు. అందుకే డబ్బాలు, సబ్బులు, సరైన మాస్కుల ఖర్చు కంపెనీలే పెట్టుకోవాలి. ఈ మేరకు వైద్య, కార్మిక శాఖలు కలిసి ఆదేశాలివ్వాలని కోరుతున్నాం.

– ప్రజారోగ్య విభాగ విశ్రాంత ఉద్యోగులు, ఆర్మూర్