ఉస్మానియా అంటే బిల్డింగేనా?

సంపాదకులు గారికి,

ఆ మధ్య మీ ఆదివారం అనుబంధంలో ఉస్మానియా మీద వచ్చిన వ్యాసం చూశాక ఊరుకుందామనే అనుకున్నాను, నా వల్ల కాలేదు. ఆర్ట్స్ కాలేజీ ఫొటో అరపేజీ వేసి, కింద 1918లో ఏడో నిజాం సొంత ఖర్చుతో కట్టించిన విశ్వవిద్యాలయం అని రాశారు. అది రాసినవారు, దిద్దినవారు, అచ్చుకు పంపినవారు, ఇంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదా?

ఆ ఏడో నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చింది 1917 ఏప్రిల్ 26న. 1918లో యూనివర్సిటీ ఏర్పడింది, 1919లో నిజాం కాలేజీ పక్కన గన్‌ఫౌండ్రీ దగ్గర క్లాసులు మొదలయ్యాయి. మీరు ఫొటో వేసిన భవనానికి శంకుస్థాపన 1934లో, ప్రారంభోత్సవం 1939 డిసెంబరులో. అంటే ఇరవై ఏళ్లు ఆ గులాబీ రంగు గ్రానైటూ, ఆ ఎత్తయిన కమానూ లేకుండానే అక్కడ చదువు నడిచింది. ఇక సొంత ఖర్చు మాటంటారా, యూనివర్సిటీని పోషించింది సర్కారు ఖజానా. అందులోకి తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతుల శిస్తు వచ్చి పడేది. ఆ పేదల పేరు ఏ ఫొటో కిందా పడదు లెండి.

నిజాం గొప్ప తగ్గించాలని కాదు ఇది రాస్తున్నది. అసలు గొప్పను మీరే వదిలేశారని నా బాధ. అప్పటికి నిజాం కాలేజీ మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది, చదువంతా ఇంగ్లీషులో. నిజాం సర్కారులో పెద్ద అధికారి అక్బర్ హైదరీ ఒక నివేదిక రాసి, దేశభాషలో పై చదువులు చెప్పే యూనివర్సిటీ కావాలని విన్నవిస్తే నిజాం ఒప్పుకున్నారు. ఒప్పుకుని వదిలేయలేదు, పుస్తకాలు లేకుండా పాఠాలెలా చెబుతారని దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టించారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ లాంటి పండితులు, సైన్సు తెలిసినవాళ్లు, అరబ్బీ, ఫారసీ తెలిసినవాళ్లు కూర్చుని ఒక్కో శాస్త్ర పదానికి ఉర్దూలో ఏమనాలో వాదించుకుని తేల్చేవారు. చరిత్ర, లెక్కలు, భౌతికశాస్త్రం, చివరికి డాక్టరు చదువు కూడా ఉర్దూలో చెప్పారు. అలాగని ఇంగ్లీషును తరిమేయలేదు, దాన్ని తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు. బ్రిటిష్ వాళ్ల యూనివర్సిటీలు అటువైపు ఆలోచించని రోజుల్లో జరిగిన పని ఇది. మీ వ్యాసంలో దీనికి ఎన్ని వాక్యాలు దక్కాయో ఒకసారి చూసుకోండి.

రెండో వైపూ చెప్పాలిగా. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, తర్వాత మరాఠీ, కన్నడం. పల్లెటూరి తెలుగు పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత దూరమో ఉర్దూ కూడా దాదాపు అంతే దూరం. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థులను బయటికి గెంటితే నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది, అలా వెళ్లినవాళ్లలో పి.వి. నరసింహారావు గారు ఉన్నారు. రాజుగారిని పొగిడేవాళ్లు ఇది ఎత్తరు, తిట్టేవాళ్లు అనువాద సంస్థ మాట ఎత్తరు. మీ పేపరు మాత్రం ఈ రెండూ ఎత్తకుండా బిల్డింగ్ ఫొటో వేసి చేతులు దులుపుకుంది.

1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. సరే, తెలుగుకైనా ఆ వైభవం దక్కిందా? తెలుగులో పాఠ్యపుస్తకాలు తేవడానికి తెలుగు అకాడమీ పెట్టారు, మొదట్లో మంచి పుస్తకాలే వచ్చాయి. ఆ తర్వాత దాని పేరు పెద్ద అక్షరాల్లో పేపర్లకెక్కింది నాకు గుర్తున్నంతవరకు 2021లో, డిపాజిట్ల సొమ్ము గోల్‌మాల్ అయినప్పుడు! తెలుగు మీడియం డిగ్రీ అంటే ఇప్పుడు తల్లిదండ్రులే మొహం తిప్పుకుంటున్నారు, వాళ్లననీ లాభం లేదు. నూరేళ్ల కిందట ఒక రాజు ఫర్మానాతో జరిగిన పని, ఓట్లతో గెలిచిన ఇన్ని ప్రభుత్వాల్లో ఎవరికీ చేతకాలేదు. మాతృభాష మీద ప్రేమ మాత్రం భాషా దినోత్సవం నాడు మైకుల్లో పొంగిపొర్లుతుంటుంది.

ఈసారి ఏప్రిల్ 26కి, యూనివర్సిటీ వ్యవస్థాపక దినోత్సవానికి, నాయకులు, అధికారులు శాలువాలు కప్పించుకోవడానికి ఎలాగూ వస్తారు. మీ విలేకరి అక్కడే ఉంటారు కదా, ఖాళీగా ఉన్న అధ్యాపకుల పోస్టులు ఎప్పుడు నింపుతారని ఒక్క ప్రశ్న అడగమనండి. జవాబు ఇప్పుడే కంపోజ్ చేసి పెట్టుకోండి, టైము కలిసొస్తుంది: త్వరలోనే నోటిఫికేషన్.

— ఒక పాత విద్యార్థి, హైదరాబాద్