తేదీ మార్చి కూడా టెస్ట్ చేయించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆన్‌లైన్ అప్లికేషన్ లాస్ట్ డేట్ రోజు మొరాయించిందంటే అందరూ సర్వర్ మీద లోడ్ పడిందనే అనుకుంటారు, పేపర్లలోనూ అదే వస్తుంది. చాలాసార్లు నిజమే కూడా. కానీ టెస్టింగ్ ఫీల్డ్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, లోడ్‌తో అస్సలు సంబంధం లేని రోగం ఇంకోటుంది, తేదీల రోగం.

సర్వర్లు చాలావరకు యూటీసీ టైమ్‌లో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో నడుస్తాయి, మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటాం. అంటే మనకి రాత్రి 12 దాటి తారీఖు మారినా తెల్లారి 5.30 దాకా సర్వర్ లెక్కలో ఇంకా నిన్నే. కోడ్ రాసినాయన టైమ్ జోన్ సంగతి పట్టించుకోకుండా ఈరోజు తేదీ ఎంత అని సర్వర్‌ని అడిగేస్తే, ఒకటో తారీఖు తెరుచుకోవాల్సిన ఫారం పొద్దున 5.30కి తెరుచుకుంటుంది, అర్ధరాత్రి మూసేయాల్సింది తెల్లారేదాకా తెరిచే ఉంటుంది. పగలు పదింటికొచ్చి ఆరింటికెళ్లే టెస్టర్‌కి ఇది ఏ జన్మలోనూ కనపడదు. రాత్రి రెండింటికి వాటంతటవే రన్ అయిన టెస్టులు ఎర్రగా ఫెయిల్, పొద్దున ఎవరో వచ్చి రీరన్ కొడితే పచ్చగా పాస్, ఇంక దానికి ఫ్లేకీ టెస్ట్ (నిలకడ లేని టెస్ట్) అని పేరు పెట్టి పక్కన పడేస్తారు. పాపం ఉన్న మాట చెప్పింది ఆ టెస్ట్ ఒక్కటే!

పెద్ద కంపెనీలకే దెబ్బ తగిలింది. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్ పడిపోయింది, యూటీసీలో తేదీ మారగానే, మనకి పొద్దున ఐదున్నర. ఏడాది చెల్లే డిజిటల్ సర్టిఫికెట్ తయారు చేసేటప్పుడు సంవత్సరానికి ఒకటి కలిపేశారంతే, 2013 ఫిబ్రవరి 29 అనే రోజే లేదు కదా! అంతకుముందు 2008 డిసెంబర్ 31న వాళ్లదే జూన్ (Zune) అనే మ్యూజిక్ ప్లేయర్, 30 జీబీ మోడల్, లీపు సంవత్సరంలో 366వ రోజుని ఏం చేయాలో తెలీక లూప్‌లో ఇరుక్కుని బిగుసుకుపోయింది. జనవరి 31కి ఒక నెల కలిపితే ఏమొస్తుందో అడగండి, జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫిబ్రవరి నెలాఖరు వస్తుంది, జావాస్క్రిప్ట్ అనే ఇంకో భాషలో నెల నంబర్ ఒకటి పెంచి చూస్తే మార్చి నెలలోకి దూకేస్తుంది. ఈఎంఐ తేదీలు ఇలాంటి లెక్కల మీదే కదండీ నడిచేది.

మందు పెద్ద ఖరీదేం కాదు. కోడ్ నేరుగా సిస్టమ్ గడియారాన్ని చూడకుండా, గడియారాన్ని బయటినుంచి అందించేలా రాస్తే చాలు, టెస్ట్‌లో మనకి నచ్చిన తేదీ పెట్టుకోవచ్చు. జావాలో 2014లో వచ్చిన 8వ వెర్షన్ నుంచే క్లాక్ అనే రెడీమేడ్ కోడ్ (క్లాస్) దీనికోసమే ఉంది, పైథాన్ భాషలో రాసేవాళ్లకి ఫ్రీజ్‌గన్ అనే టూల్ ఉంది. ఓటీపీ పది నిమిషాలకి ఎక్స్‌పైర్ అవుతుందా లేదా చూడ్డానికి టెస్ట్‌లో స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టి పది నిమిషాలు గోళ్లు గిల్లుకోనక్కర్లేదు, గడియారం ముల్లు పది నిమిషాలు ముందుకి జరిపితే అయిపోయె. ఇది తెలియనివాళ్లు తక్కువే, డెడ్‌లైన్ పేరు చెప్పి దాటేసేవాళ్లే ఎక్కువ.

అందుకే జనం డబ్బుతో సాఫ్ట్‌వేర్ కొనే డిపార్ట్‌మెంట్లు టెండర్‌లోనే ఒక షరతు పెట్టాలి. అర్ధరాత్రి నుంచి 5.30 దాకా, డిసెంబర్ 31న, 2028 ఫిబ్రవరి 29న, పాత 32 బిట్ సిస్టమ్ ఇంకా వాడుతుంటే 2038 జనవరి 19న పొద్దున 8.44 దాటాక కూడా (వాటిలో సెకన్ల లెక్క అక్కడితో నిండిపోతుంది), ఈ టైములన్నీ పెట్టి నడిపిన రిపోర్ట్ చూపిస్తేనే బిల్లు పాస్ చేయాలి.

ఇట్లు,
ఒక టెస్టింగ్ ఇంజనీర్, హైదరాబాద్