మీటరు దాటాక కరెంటు ఎవరి బాధ్యత? కర్ణాటక ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. బెంగళూరులో పందిళ్ళకు, స్టేజీలకు కరెంటు ఏర్పాట్లు చూసే ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి కె.ఆర్.పురంలో స్థిరపడ్డాను. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. మా వైపు నుంచి వచ్చి ఈ పని చేస్తున్న కుర్రాళ్ళు, వినాయక కమిటీల్లో తిరిగే తెలుగువాళ్ళు కూడా చదవాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

చవితి పందిరి వేయాలంటే నగరంలో ఏకగవాక్ష (సింగిల్ విండో) కేంద్రానికి వెళ్తాం. పోలీసు, అగ్నిమాపక, కార్పొరేషన్, విద్యుత్ సంస్థ అనుమతులన్నీ అక్కడే దొరుకుతాయి. మంచి ఏర్పాటు, కాదనను. డబ్బు కడితే తాత్కాలిక కనెక్షన్ వస్తుంది. మీటరు దాకా అన్నీ పద్ధతిగానే ఉంటాయి. ఆ తర్వాత కరెంటు ఏ బోర్డులోకి పోతోంది, ఏ వైరు మీద ఎంత దూరం పోతోంది, ఆ వైరు ఎవరి కాళ్ళ కింద నలుగుతోంది అని అడిగినవాళ్ళను నేను చాలా అరుదుగా చూశాను.

అక్కడ ఉండేది ఏమిటో చెప్తాను. చెక్క పలక మీద బిగించిన నాలుగు సాకెట్లు, ఒక ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడి కరెంటు ఆపే స్విచ్). లీకైన కరెంటును భూమిలోకి పంపాల్సిన ఎర్త్ పిన్‌కు తీగే ఉండదు. ప్లగ్ దొరక్కపోతే వైరు చివర్లు ఒలిచి సాకెట్ రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతారు. జాయింటుకు నల్ల టేపు చుట్టి, వాన వస్తే దాని మీద ప్లాస్టిక్ కవరు కడతారు. మన ఊళ్ళో చవితి వచ్చేదే వానల్లో!

ఎంసీబీ ఉంది కదా, ఇంకేం కావాలని కమిటీవాళ్ళు అడుగుతారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకు మించి కరెంటు లాగాలి. గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడ్డ పిల్లవాడి ఒంట్లోంచి ప్రాణం తీసేంత కరెంటు పోతున్నా ఎంసీబీకి తెలియనే తెలియదు. దాన్ని కనిపెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే ఇంకో రకం స్విచ్. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా లేకపోతే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఇళ్ళల్లో వాడుతున్నాం. వేలమంది తిరిగే పందిట్లో వాడం.

ఒక లేఔట్ పందిట్లో ఇనుప బారికేడ్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. టెస్టర్ పెడితే వెలిగింది. బారికేడ్ కాలు కింద వైరు నలిగి ఇన్సులేషన్ పోయింది. క్యూలో ఆడవాళ్ళు, చంటిపిల్లలు ఉన్నారు. మెయిన్ ఆపమంటే సామాను తెచ్చినతను "తడికి అలాగే ఉంటుంది సార్, హారతి అయ్యాక చూద్దాం" అన్నాడు. నేనే వెళ్ళి ఆపాను. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, అతనికి ఎవరూ నేర్పలేదు.

జనరేటర్ పెడితే ఇంకో చిక్కు. దాని న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వెళ్ళే తీగను) ఎర్త్‌కు సరిగ్గా కలపకపోతే మొదట వచ్చిన లోపం బయటపడదు. ఇంకో చోట కూడా ఇన్సులేషన్ పోతే ఆర్‌సీసీబీ ఉన్నా పడకపోవచ్చు. చాలామంది ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి, పడింది కాబట్టి భయం లేదనుకుంటారు. ఆ పరికరం పనిచేస్తోందని మాత్రమే ఆ బటన్ చెప్తుంది. ఎర్తింగ్ ఉందో లేదో తెలియాలంటే ఎర్త్ కొలిచే పరికరంతో కొలవాలి. ఎండిన మట్టిలో జానెడు మేకు కొట్టి తీగ చుడితే అది ఎర్తింగ్ కాదు. త్రీఫేజ్‌లో న్యూట్రల్ వదులైతే 230 వోల్టులు రావాల్సిన చోట 400కు దగ్గరగా వచ్చి సౌండ్ సిస్టమ్, లైట్లు ఒక్కసారిగా కాలిపోతాయి. కాలిన వాసనకు జనం తోసుకుంటూ పరుగు తీస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

2022లో తంజావూరు దగ్గర కలిమేడులో రథానికి హైటెన్షన్ తీగ తగిలి 11 మంది చనిపోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో ఐదుగురు పోయారు. పైన తీగలున్నాయన్న భయం అలా జనానికి తెలిసింది. కింద పాకే వైర్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

నియమాలు లేక కాదు. జాతీయ విద్యుత్ కోడ్‌లో ఆరుబయట తాత్కాలిక ఏర్పాట్లకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు ఉన్నాయి. కానీ ఆ నియమాలకు సరిపోయే బోర్డు చిన్న కమిటీకి అద్దెకు దొరకదు. నేను అడిగేది అందుకే ఆ ఒక్కటే. ప్రతి విద్యుత్ సబ్‌డివిజన్ ఆఫీసులో కొన్ని తాత్కాలిక డిస్ట్రిబ్యూషన్ బోర్డులు ఉంచండి. తాత్కాలిక కనెక్షన్‌తో పాటే తక్కువ అద్దెకు ఇవ్వండి. వాన నీరు లోపలికి పోని పెట్టె, ప్రతి అవుట్‌లెట్‌కూ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మూతలున్న ఇండస్ట్రియల్ సాకెట్లు. ఈ సాకెట్లలో ఎర్త్ ముందుగా కలుస్తుంది, ఒట్టి వైరు దూర్చడం కుదరదు. పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ వచ్చి ఎర్తింగ్ కొలిచి, ఆ అంకె, తన పర్మిట్ నంబరు బోర్డు మీద రాశాకే మెయిన్ వేయాలి. విద్యుత్ భద్రతను తనిఖీ చేసే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ మీ శాఖలోదే కాబట్టి ఇందుకు వేరే శాఖను అడగాల్సిన పని లేదు.

నగరమంతా ఒకేసారి కుదరదంటే బసవనగుడి కడలెకాయి పరిషె (వేరుశనగ జాతర)తో మొదలుపెట్టండి. కార్తీక మాసం చివరి సోమవారం బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా వేరుశనగ కుప్పలు, వాటి పైన బల్బులు. మా జిల్లాల రైతులూ వస్తారు. కొట్లు వరుసగా ఉంటాయి కాబట్టి ఎన్ని బోర్డులు కావాలో ముందే లెక్క కట్టవచ్చు. అక్కడ తేలిన లోపాలు సరిచేసుకుంటే చవితికి వార్డుల్లోకి పంపడానికి సమయం ఉంటుంది.

బోర్డు డ్రాయింగు, సామాను జాబితా కన్నడ ప్రతితో జతచేశాను. మీ ఇంజనీర్లు పిలిస్తే ఒక బోర్డు కట్టి తెచ్చి వాళ్ళ ముందే పరీక్షించి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్,
కె.ఆర్.పురం, బెంగళూరు